రేకు డబ్బాలో పడని ఫోన్లు

రుద్రంగి మండలంలో ఒక బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మౌనిక మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్ల. చాయ్ తాగినాక అసలు సంగతి అడిగింది.

"మేడం, క్లాసుల పిల్లల కాడ ఫోన్ దొరికితె ఏం జెయ్యాలె?"

"ముందుగాల నీ ఫోన్ యాడున్నదో చెప్పు" అన్నాను.

చేతిలోనే ఉంది. నాతో మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలు దాని మీద ఆడుతూనే ఉంది. సిగ్గుపడి సంచిలో వేసుకుంది. వేసుకుందో లేదో సంచిలోంచి మోగింది. వాళ్ల హెడ్మాస్టరట. నిన్నటి మధ్యాహ్న భోజనం ఫోటో గ్రూపులో ఇంకా పెట్టలేదేమని అడుగుతున్నాడు. ఆదివారం పూట! నాకు ఒళ్లు మండిపోయింది. పాపం ఆ పిల్ల చాయ్ కప్పు పక్కన పెట్టి, ఫోటో వెతికి పంపించి, అప్పుడు మళ్లీ నా వైపు తిరిగింది.

ఇది రాయడానికి కారణం ఆమె అడిగిన ఆ ప్రశ్నే. జగిత్యాల, కోరుట్ల, చివరికి సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. సర్వీసంతా ఈ చుట్టుపక్కలే గడిచింది, లెక్కలే చెప్పాను. నా ప్రమోషన్లు, ఇంక్రిమెంట్ల గోల ఎవరికీ అక్కర్లేదు. కానీ చివరి బడిలో సౌజన్య అనే పిల్ల పదో తరగతి నడుమ బడి మానేసి బీడీల చాట ముందు కూర్చుంది. ఒక ఫోన్ వల్ల, క్లాసులో తీసిన ఒక ఫోటో వల్ల. ఆ పిల్ల మళ్లీ బడికి వస్తుందా రాదా అని మేము కొట్టుమిట్టాడిన రోజుల గురించి కొత్తగా చేరేవాళ్లు తెలుసుకోవాలి.

దుబాయి గడియారం

మా జగిత్యాల వైపు ఏ కొత్త వస్తువైనా ముందు దుబాయి సూట్‌కేసులోంచే దిగేది. నేను చేరిన కొత్తలో పిల్లలకు వాళ్ల బాపులో మామలో తెచ్చిన ఎలక్ట్రానిక్ గడియారాలుండేవి. గంట కాగానే క్లాసు నాలుగు మూలల నుంచీ టీక్ టీక్ మని మొదలయ్యేవి. చెబుతున్న లెక్క ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఒకడి గడియారంలోనైతే ఏకంగా క్యాలిక్యులేటరే ఉంది. నేను వర్గమూలం బోర్డు మీద సగం కూడా చేయకముందే వాడు చెయ్యి చూసుకుని జవాబు చెప్పేశాడు.

ఆ గడియారం గుంజుకుని కోపంగా హెడ్మాస్టర్ రాజమౌళి సార్ దగ్గరికి పోయాను. ఆయన ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి, బటన్లు నొక్కి ముచ్చట పడ్డాడు.

"జవాబు చెప్పిండా పోరగాడు? మంచిదే. ఎట్లచ్చిందో బోర్డు మీద చెయ్యమను. చేస్తె ఆని గడియారం ఆనికియ్యి. రాకపోతె వచ్చేదాక నీ బల్ల మీద పెట్టుకో" అన్నాడు.

అంతటితో ఆగితే ఆయన రాజమౌళి సార్ ఎందుకవుతాడు? "అవునమ్మా, పిల్లల గడియారాలు గుంజుకుంటున్నరు, బాగనే ఉన్నది. మరి మ్యాచ్ ఉన్నప్పుడు మనోళ్లు క్లాసులకు తీస్కపోయే రేడియో సంగతేంది?" అని అడిగాడు.

 నిజమే, మా స్టాఫ్‌లో ఇద్దరు సార్లు చిన్న రేడియో చెవికి ఆనించుకునే పాఠం చెప్పేవాళ్లు. ఆ రోజే రేడియో ఆఫీసు బీరువాలోకి పోయింది. ఆ సార్లు చాలా రోజులు నారాజుగా ఉన్నారు, నాతో అసలే మాట్లాడలేదు. ఇంతమంది పైఅధికారుల కింద పనిచేశాను. పిల్లలకు పెట్టిన రూలు ముందు స్టాఫ్ రూంలో పెట్టిన మనిషిని మాత్రం ఆయన ఒక్కడినే చూశాను.

కొనుమన్నది ఎవలు?

కోరుట్లలో ఉండగా కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. పాఠాలన్నీ ఫోన్లోనే అన్నారు పైవాళ్లు. మేము మాస్కులు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. బీడీలు చేసుకునే తల్లుల ముందు నిలబడి, పిల్లకు ఫోన్ కొనమ్మా, లేకపోతే వెనకబడిపోతది అని చెప్పాం. వాళ్లు కడుపు కట్టుకుని కొన్నారు. కొనలేనివాళ్ల పిల్లల పేర్లు గ్రూపులో పెట్టి మరీ గుర్తు చేశాం. తర్వాత బడులు తెరిచారు. బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం: ఫోన్ తేకూడదు.

ఒక తల్లి వచ్చింది. కొడుకు సంచిలో ఫోన్ దొరికిందని మేమే పిలిపించాం. ఆమె అరవలేదు, ఏడవలేదు. బల్ల మీది ఫోన్ చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది.

"అప్పుడు ఫోన్ లేదని మా పోరని ఇజ్జత్ తీసిండ్రు. ఇప్పుడు ఫోన్ ఉన్నదని తీస్తున్నరు. కొనుమన్నది మీరే, వద్దన్నది మీరే. ఏదన్న ఒక్క ముచ్చట జెప్పుండ్రి మేడం."

ఆ ప్రశ్నే పైవాళ్లను అడిగాను. వాళ్లూ ఏ ఒక్క ముచ్చటా తేల్చలేదు.

అయితే ఒకటి ఖరాఖండిగా చెబుతాను. ఆ తల్లి కోపం న్యాయమే, కానీ క్లాసులో పిల్లల చేతిలో ఫోన్ ఉండకూడదన్నది కూడా అంతే నిజం. ఏడాదిన్నర ఫోన్ చూసి వచ్చిన పిల్లలు ఒక్క లెక్క అయ్యేదాకా బోర్డు వైపు చూడలేకపోయారు. దుబాయి గడియారం జవాబు మాత్రమే చెప్పేది. ఇదైతే లెక్కకు ఫోటో కొడితే మెట్లన్నీ వరసగా రాసిచ్చేది. పిల్లలు తెచ్చి చూపించేవాళ్లు, అందంగా, ఒక్క తప్పు లేకుండా. బోర్డు దగ్గరికి రమ్మంటే చాక్‌పీసు పట్టుకుని గోడను చూసేవాళ్లు. టెక్నాలజీ వద్దంటారా అని నాతో వాదించిన పెద్దమనుషులున్నారు. వాళ్లలో ఒక్కరైనా నలభై మంది పిల్లల ముందు ఒక పూట నిలబడి వచ్చి అప్పుడు మాట్లాడితే వింటాను.

రేకు డబ్బా

సిరిసిల్ల దగ్గరి బడిలో హెడ్మాస్టర్ ఖలీల్ సార్. మంచి మనిషి, మహా చాదస్తం. ప్రతి క్లాసు గుమ్మం దగ్గర ఒక పెద్ద బిస్కెట్ల రేకు డబ్బా పెట్టించాడు. ఫోన్ తెచ్చిన పిల్లలు పొద్దున్నే దాంట్లో వేయాలి, సాయంత్రం తీసుకుపోవాలి. ఇంటి దగ్గర ఎవరూ లేని పిల్లలుంటారు, తెచ్చుకోక తప్పనివాళ్లుంటారు. కాబట్టి అది సరైన పద్ధతే. మీటింగులో నేను మాత్రం రాజమౌళి సార్‌ను తలుచుకుని ఒక మాట అడిగాను.

"మరి మన ఫోన్ల సంగతేంది సార్?"

ఆయన నవ్వాడు. "అరే మేడం, మన హాజరు ఫోన్లనే, అన్నం ఫోటో ఫోన్లనే, పైనుంచి ఆర్డరు ఫోన్లనే. మనం గూడ డబ్బాల ఏస్తె మన నౌకరీలు ఎట్ల నడవాలె?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

మా సైన్స్ సార్ శ్రీనివాస్ కుర్రవాడు. పాఠం బాగా చెబుతాడు, పిల్లలకు ప్రాణం. కానీ ఏది చేసినా ఫోటో తీయాలి. డిజిటల్ బోర్డు పెడితే ఫోటో, మొక్కకు నీళ్లు పోస్తే ఫోటో. తీసినవన్నీ ఆఫీసు గ్రూపులో పెట్టి, మంచిగా వచ్చినవి తన స్టేటస్‌లోనూ పెట్టుకునేవాడు. పైవాళ్లు బొటనవేలు గుర్తు పెట్టి మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు కోసం మంచి పిల్లగాడు పాడవుతున్నాడే అని నాకు చిరాకు.

సౌజన్య శ్రీనివాస్ పాఠం చెప్పే పదో తరగతిలోని పిల్లే. తల్లి రజిత బీడీలు చేస్తుంది. తండ్రి గంగాధర్ సౌదీలో కట్టడం పని. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ రోజు పొద్దున్నే వీడియో కాల్ చేస్తాడు. ఈ పిల్లతో నాకొక బాధ ఉండేది. లెక్క అర్థం కాకపోతే వదలదు. గంట కొట్టినా సరే, "మల్ల చెప్పుండ్రి మేడం" అని ప్రాణం తీసేది. అట్లాంటి పిల్ల ఒక సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు.

నవ్వుమన్నది ఎవలు?

పిల్లలు గుసగుసలాడితే తెలిసింది. సౌజన్య, పక్క వరసలోని ఒక పిల్లవాడు ఇద్దరే నవ్వుతున్న ఫోటో ఒకటి ఊరి గ్రూపులో తిరుగుతోంది. నడుమ ఎర్రటి గుండె బొమ్మ, వెనక ప్రేమ పాట. ఊరి గ్రూపు అంటే ఊళ్లోవాళ్లే కాదు, మస్కట్, సౌదీల్లో ఉన్నవాళ్లు కూడా అందులోనే ఉంటారు. తల్లికి తెలియకముందే తండ్రి చూశాడు. ఆయన గదిలో ఉండేవాళ్లందరూ చూశారు. అక్కడినుంచే బడి బందు అని ఒక్క మాట చెప్పాడు.

ఫోటోలోని ఆ పిల్లవాడు మాత్రం రోజూ బడికి వస్తూనే ఉన్నాడు. వాడిని ఎవరూ బందు పెట్టలేదు. పెట్టాలని నేననడం లేదు. పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు, చూశారా?

ఖలీల్ సార్‌కు కోపం నషాళానికంటింది. క్లాసులు ఆపించి, అన్ని సంచులూ వరండాలో గుమ్మరించాడు. దువ్వెనలు, మామిడికాయ తొక్కు సీసా, ఒక బటన్ల ఫోన్, రెండు టచ్ ఫోన్లు. ఆ ఫోన్లలో ఫోటో లేదు. పిల్లలు తలలు వంచుకుని నిలబడ్డారు. మధ్యాహ్నానికి సార్ అలిసిపోయి నా దగ్గరికి వచ్చి తన ఫోన్లో ఆ ఫోటో చూపించాడు.

"గీ బద్మాష్ ఎవడో దొరుకుతనే లేడు మేడం."

నేను కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. పిల్లల ముఖాలు ఎదురుగా ఉన్నాయి. వాళ్ల వెనక గోడ మీద భారతదేశం పటం ఉంది. మా బడిలో ఆ పటం ఉన్నది క్లాసు వెనక గోడకు.

"సార్, గిది తీసినోడు బోర్డు కాడ నిలవడి తీసిండు. బోర్డు కాడ నిలవడేది ఎవలు?"

ఆయన ఫోటో వైపు చూశాడు, నా వైపు చూశాడు. 

శ్రీనివాస్‌ను పిలిపించాం. ఫోటో చూడగానే ముఖం పాలిపోయింది. తన ఫోన్ తీసి అసలు ఫోటో చూపించాడు. క్లాసు మొత్తం ఉంది. క్లాసు మొత్తం నవ్వుతోంది. దాన్ని స్టేటస్‌లో పెట్టాడు. చూసినవాళ్లలో ఎవడో ఇద్దరి ముఖాలు మాత్రం కత్తిరించి, గుండె బొమ్మ అంటించి, ఊరి మీదికి వదిలాడు. వాడెవడో చివరిదాకా దొరకలేదు.

"ఫోటో మంచిగ రావాలని నేనే నవ్వుండ్రి అన్న మేడం" అన్నాడు. 

పొద్దున్నుంచీ పిల్లల సంచులు గుమ్మరించాం కదా! ఒక్క క్షణం కూడా మా జేబులు గుర్తు రాలేదు. నేను గట్టిగానే అరిచాను. ఖలీల్ సార్ కంగారుగా తలుపు దగ్గరికి వేశాడు.

"మేడం, జెర మెల్లగ. బయటికి తెలిస్తె బడి పేరు ఖరాబైతది."

"పిల్ల పేరు ఖరాబైతె ఏం గాదా సార్?"

ఆయన తలుపు మీద చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడిపోయాడు.

శుక్రవారం

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి పోయాను. సౌజన్య వరండాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేవలేదు. ఫోటో తీసింది మా సారేనని రజితకు చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు జెప్తె ఏం లాభం మేడం? ఆళ్ల బాపు బందు అన్నడు. పెద్దబాపు గూడ గదే అన్నడు. శుక్రారం ఫోన్ జేస్తడు. గా మాటకు నేనొక్కదాన్ని ఎదురెట్ల జెప్పాలె?"

నేను పిల్ల పక్కన కూర్చున్నాను. "నువ్వేమంటవు బిడ్డా?"

 కత్తెర ఆపకుండా, చాటలోకి చూస్తూనే అంది.

"నేను నవ్వొద్దుండె మేడం."

ఎన్నో ఏళ్లు ఎంతో మంది పిల్లల మాటలు విన్నాను. ఈ మాట ఎవరి నోటా వినలేదు. మర్నాడు బడికి వెళ్లి ఖలీల్ సార్ ముందు కూర్చున్నాను. శుక్రవారం ఆ ఇంటికి మనం ముగ్గురం పోతున్నాం, మీరు రాకపోతే నేను శ్రీనివాస్‌ను తీసుకుని పోతాను, అప్పుడు బడి పేరు సంగతి మీరే చూసుకోండి అన్నాను. ఆయన చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. శుక్రవారం పొద్దున్నే తన బండి మీద అందరికంటే ముందు ఆయనే వచ్చాడు.

రజిత ఫోన్‌కు వీడియో కాల్ వచ్చింది. అవతల చిన్న గది, ఒకదాని పైన ఒకటి మంచాలు, బట్టలు ఆరేసిన తాడు. గంగాధర్ ముఖం బిగించుకుని ఉన్నాడు. వెనక మంచాల మీద మిగతావాళ్లు కనిపిస్తున్నారు. శ్రీనివాస్ ఫోన్ పట్టుకుని మొత్తం చెప్పాడు. నవ్వమన్నది తనేనని చెప్పాడు. ఖలీల్ సార్ ముందుకు వంగి, "తప్పు మాది గంగాధర్, నీ బిడ్డది గాదు. మాఫ్ చెయ్యి" అన్నాడు.

 గంగాధర్ వెనక్కి తిరిగి మంచాల వైపు చూశాడు.

"నాకు జెప్తె ఏం ఫాయిదా సార్? ఊరంతా జూసిండ్రు. గీ రూంల అందరు జూసిండ్రు. నేను ఆళ్ల నడుమ కూసోని తినాలె, ఆళ్ల తోని పనికి పోవాలె. ఏడ తిరిగిందో ఆడ జెప్పుండ్రి. గా గ్రూపుల జెప్పుండ్రి."

ఖలీల్ సార్ నా వైపు చూశాడు. ఆయన మీద నాకెంత విసుగున్నా ఆ నిమిషం జాలి వేసింది. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, పేరు కాపాడుకుంటూ వచ్చిన మనిషి. ఊరి గ్రూపులో తను లేడు కాబట్టి, ఆ గ్రూపున్న ఇంకో ఫోన్ ఉందా అని రజితను అడిగాడు. ఆమె గంగాధర్ అన్నది, ఆ పెద్దబాపు ఫోన్ తెచ్చి ఇచ్చింది. ఊరి గ్రూపు తెరిచి, నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడాడు.

"నేను బడి హెడ్మాస్టర్ను మాట్లాడుతున్న. గా ఫోటో తీసింది మా సారే. నవ్వుండ్రి అన్నది గూడ మా సారే. క్లాసు క్లాసంత నవ్వింది. పిల్లది నలుసంత తప్పు లేదు, తప్పు మాది. ఎవలి ఫోన్ల ఉన్నా గా ఫోటో తీసేయుండ్రి."

పంపించాడు. కొద్దిసేపటికి సౌదీ గదిలో ఒకరి తర్వాత ఒకరివి ఫోన్లు మోగాయి. వెనక మంచం మీద ఎవరో దాన్ని పెట్టారు. ఖలీల్ సార్ గొంతు అక్కడినుంచి మళ్లీ మాకు వినిపించింది. గది గదంతా విన్నది. గంగాధర్ మెడలోని తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"బిడ్డను పిలువుండ్రి" అన్నాడు. సౌజన్య వచ్చి తల్లి వెనక నిలబడింది. "పో బిడ్డా, బడికి పో" అన్నాడు. 

కొత్తగా చేరేవాళ్లకు

పిల్లల ఫోన్లు తప్పకుండా తీసుకోండి. మొహమాటపడకండి. కానీ తీసుకునే ముందు మీది ఎక్కడుందో చూసుకోండి. పిల్లల ముఖాలు మీ స్టేటస్ కోసం లేవు, ఆఫీసు గ్రూపు కోసం అంతకంటే లేవు. ఫోటో కావాలని పైవాళ్లు గోల చేస్తే, పాఠం అయినాక ఖాళీ బోర్డుకు తీసి పంపించండి. అన్నం ఫోటో పెట్టలేదని ఆ తర్వాత నాకు రెండుసార్లు సంజాయిషీ నోటీసు వచ్చింది. పిల్లలు మాత్రం రెండుసార్లూ అన్నం తిన్నారు. అది అడిగినవాడు లేడు.

మౌనికకు ఇదంతా చెప్పాను. "గట్లయితె పైసార్లు తిడుతరు గద మేడం" అంది. తిడతారు. తిట్టించుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే. అది శిక్షణలో చెప్పరు.

ఆ శుక్రవారం దాటిన సోమవారం సౌజన్య బడికి వచ్చింది. మొదటి పీరియడ్ నాదే. పిల్లలు ఒక్కొక్కరే డబ్బాలో ఫోన్లు వేసి లోపలికి పోయారు. ఆ పిల్ల దగ్గర ఫోన్ లేదు, అయినా గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. కదలలేదు. నా చేతి వైపు చూస్తోంది. అప్పుడే హాజరు వేసిన ఫోన్ నా చేతిలోనే ఉంది.

"మేడం, మీది?"

నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు? ఇంత చేస్తే నన్నే అడుగుతుందా అనిపించింది. క్లాసు మొత్తం నన్నే చూస్తోంది. ఫోటోలోని ఆ పక్క వరస పిల్లవాడు కూడా తలెత్తి చూశాడు. నేను గుమ్మం దాకా పోయి ఫోన్ డబ్బాలో పడేశాను. రేకు ఠంగుమంది. పక్క క్లాసుకు పోతున్న శ్రీనివాస్ అది చూసి ఆగాడు. జేబులోంచి తన ఫోన్ తీసి, ఏమీ మాట్లాడకుండా అదే డబ్బాలో వేసి వెళ్లిపోయాడు.

సౌజన్య లోపలికి వచ్చి ఎప్పటి బెంచీ మీదే కూర్చుంది. నేను పాఠం మొదలుపెట్టాను. సగంలో డబ్బాలోంచి నా ఫోన్ రేకంతా అదిరేలా మోగింది. పిల్లలు డబ్బా వైపు చూశారు, నా వైపు చూశారు. ఆఫీసు నుంచే అయి ఉంటుంది. ఏదో ఒక ఫోటో కావాలేమో.

"మోగనీయుండ్రి" అన్నాను. కాసేపు మోగి ఆగిపోయింది.

అప్పుడు సౌజన్య చెయ్యి ఎత్తింది. "నేను రానప్పుడు చెప్పిన లెక్క మల్ల చెప్పుండ్రి మేడం."

నేను బోర్డు తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాను.